కాల్‌కు దారి చెప్పే స్క్రిప్టు

ఇంటర్నెట్ టెలిఫోనులో కాల్ కలపడం ఒక పని, మాట మోయడం ఇంకొక పని. మాటల ప్యాకెట్లు ఆర్‌టీపీ అనే ప్రోటోకాల్ మీద నడుస్తాయి. ఎవరిని ఎవరితో కలపాలో సిప్ ప్రోటోకాల్ చూసుకుంటుంది. సిప్ తొలి ప్రమాణం 1999లో వచ్చింది, నేటికీ ఆధారంగా ఉన్నది 2002 నాటిది. ఫోను మోగేలోపు కాల్‌ను ఎటు పంపాలో సర్వరే తేల్చాలి. ఆ నిర్ణయాన్ని ఫోను యజమాని చేతికే ఇవ్వడానికి పుట్టింది సీపీఎల్ అనే కాల్ ప్రాసెసింగ్ లాంగ్వేజ్. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన లెనాక్స్, వూ, షుల్జ్‌రిన్ రూపొందించిన ఈ భాష 2004 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 3880గా వెలువడింది.

హైదరాబాద్ శివారు నాదర్‌గుల్‌లో నీళ్ల ట్యాంకర్లు నడిపే ఒకాయన ఉన్నాడనుకుందాం. ఎండాకాలంలో అర్ధరాత్రి కూడా ఫోన్లు ఆగవు. ఆయన స్క్రిప్టులో ముందు టైమ్-స్విచ్ ఉంటుంది: రాత్రి 10 నుంచి పొద్దున 5 దాకా వచ్చే కాల్ తమ్ముడి నంబరుకు పోవాలి. దాని కింద కాల్‌ను ఆ నంబరుకు పంపే ప్రాక్సీ, 20 సెకన్ల గడువు. ఎత్తకపోతే నో-ఆన్సర్ కొమ్మ డ్రైవరుకు పంపుతుంది, అక్కడా ఎవరూ పలకకపోతే వాయిస్ మెయిల్. అంతా ఎక్స్‌ఎంఎల్ ట్యాగులే.

ఇందులో లూపులు లేవు, రికర్షన్ లేదు, బయటి ప్రోగ్రాములను పిలిచే వీలూ లేదు. ప్రోగ్రామర్లు దీన్ని అవిటి భాష అనవచ్చు. నా దృష్టిలో దాని గొప్పతనమే అది. వేలమంది రాసిన స్క్రిప్టులు ఒకే సర్వర్‌లో నడిచేటప్పుడు, ఒకరి తప్పుకు అందరి ఫోన్లూ మూగబోకూడదు కదా! ఇక్కడ కాల్ కొమ్మ నుంచి కొమ్మకు దిగుతుందే తప్ప వెనక్కి తిరగదు. ఏ స్క్రిప్టయినా ఎక్కడో ఒకచోట ముగిసి తీరుతుంది.

హైదరాబాద్ కంపెనీ ఓజోన్‌టెల్ తెచ్చిన కూకూ అనే ఫోన్ సేవ దీనికి ఎదురు దారి పట్టింది. కాల్ రాగానే కూకూ వినియోగదారుడి వెబ్ సర్వర్‌కు కబురు పంపుతుంది. జవాబుగా వచ్చే ఎక్స్‌ఎంఎల్‌లో ప్లేటెక్స్ట్ ఉంటే చదివి వినిపిస్తుంది, కలెక్ట్‌డీటీఎంఎఫ్ ఉంటే మీట నొక్కేదాకా ఆగుతుంది, డయల్ ఉంటే మరో నంబరుకు కలుపుతుంది. అసలు ప్రోగ్రాము యజమాని సర్వర్‌లోనే, పీహెచ్‌పీలోనో పైథాన్‌లోనో ఉంటుంది. లూపులు రాసి తిప్పలు తెచ్చుకుంటే అది ఆయన పాటు, మిగతావాళ్ల కాల్స్‌కు చెరుపు లేదు. స్వేచ్ఛ ఎక్కువ కాబట్టి వ్యాపారాలు ఈ పద్ధతినే మెచ్చాయి. సీపీఎల్ ఆ స్థాయిలో జనంలోకి రాలేదు.

అయినా చదువుకోవడానికి సీపీఎల్‌ను మించినది లేదు. కమైలియో అనే ఉచిత సిప్ సర్వర్‌లో దానికి మాడ్యూల్ ఉంది. నాదర్‌గుల్‌లోనే ఉన్న ఎంవీఎస్‌ఆర్ ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు ఒక ల్యాప్‌టాప్‌లో దాన్ని పెట్టుకుని పరీక్షించవచ్చు. ముందుగా మాత్రం నో-ఆన్సర్ కొమ్మ రాయండి. ఎవరూ ఎత్తని కాల్ ఎటు పోవాలో తేలకుండా మిగతా స్క్రిప్టు ఎంత బాగున్నా ఉపయోగం లేదు.