స్పైడర్‌మ్యాన్ సూటు, బాలచంద్రుడి బొంగరం

ఈ ఎపిసోడ్‌లో 2017లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్: హోమ్‌కమింగ్’ గురించి మాట్లాడుకుందాం. అక్కడి నుంచి నేరుగా మన కారంపూడికి వెళ్దాం. నవ్వకండి, లింకు ఉంది.

ఈ సినిమాలో పీటర్‌కి పదిహేనేళ్లు. స్కూల్ బ్యాగు, ఇంట్లో పిన్ని, పైన టోనీ స్టార్క్ ఇచ్చిన ఖరీదైన సూటు. దొంగ ఆయుధాల గ్యాంగు గురించి చెబితే ఎవడూ సరిగ్గా వినడు. సరేలే అని తనే ఫెర్రీ ఎక్కి వాళ్లమీద పడతాడు. ఫెర్రీ నిలువునా రెండుగా చీలుతుంది. టోనీ వచ్చి జనాన్ని కాపాడి, కుర్రాడికి క్లాసు పీకి, సూటు లాగేసుకుంటాడు.

అందరం ఇక్కడ పీటర్‌దే తప్పంటాం. కానీ ఒక చిన్న డైలాగు మిస్ అవుతాం. అప్పటికే ఆ ఎఫ్‌బీఐ వాళ్లని పిలిపించింది టోనీనే. ఆ ముక్క కుర్రాడికి ముందే చెప్పుంటే ఫెర్రీ ఎక్కేవాడే కాదేమో. చిన్నోడు, వీడికెందుకులే అనుకున్నాడు పెద్దాయన.

ఇప్పుడు మన పల్నాడుకి రండి. పన్నెండో శతాబ్దం. గురజాల ఒకవైపు, మాచర్ల ఒకవైపు. నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం... ఇక్కడ పుట్టిన ఎవరికైనా ఇది పాలతో పాటు పట్టిన కథే. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు. వీడి మీద 1947లోనే ‘పల్నాటి యుద్ధం’ సినిమా వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి మధ్యలో చనిపోతే ఎల్వీ ప్రసాద్ పూర్తి చేశారు. బాలచంద్రుడిగా అక్కినేని, నిండా పాతికేళ్లు లేవు అప్పటికి.

చిన్నప్పుడు నేను విన్న కథలో బాలచంద్రుడు వీధిలో బొంగరాలాడుతుంటాడు. అది వెళ్లి దారిన పోయే ఒకావిడ కాలికి తగులుతుంది. ఆవిడ ఊరుకోదు. మీవాళ్లంతా యుద్ధానికి పోతే నువ్విక్కడ బొంగరాలాడుతున్నావా అని దులిపేస్తుంది. అప్పుడుగానీ వాడికి సంగతి తెలియదు! ఊరంతటికీ తెలుసు, ఇంట్లో వాడికి మాత్రం చెప్పలేదు. తల్లి ఐతాంబకి కొడుకు మీద భయం. ఏ తల్లికుండదు? వాడు తల్లిని నిలదీసి, భార్య మాంచాల దగ్గర సెలవు తీసుకుని బయల్దేరతాడు.

మామూలుగా కథ ఇక్కడ ఆపి, చూశారా, ఆట వదిలి బాధ్యత తెలుసుకున్నాడు అంటారు. నాకు ఇక్కడే పేచీ. అసలు కథ ఆ తర్వాతే ఉంది.

బాలచంద్రుడితో పాటు అన్నదమ్ముల్లా పెరిగిన కుర్రాళ్లున్నారు, ఒక్కొక్కరిది ఒక్కో కులం. వాళ్లలో అనపోతు బ్రాహ్మణ కుర్రాడు. యుద్ధంలో వీడు చస్తే ఆ పాపం తనకి చుట్టుకుంటుందని బాలచంద్రుడి భయం. అందుకని దారి మధ్యలో, ఏదో మర్చిపోయా తెచ్చిపెట్టు అని వెనక్కి పంపేశాడు. అనపోతు పరిగెత్తుకుంటూ తిరిగొచ్చేసరికి వీళ్లు లేరు. మోసపోయానని అర్థమై ప్రాణం తీసుకున్నాడు.

గమనించారా? తల్లి తనకి చేసిందే తను ఫ్రెండ్‌కి చేశాడు. ప్రేమతోనే. నీ గురించి నేనే డిసైడ్ చేస్తా, నీకు చెప్పక్కర్లేదు అని.

ఇది నాకు గట్టిగా తగలడానికి కారణం ఉంది. జాబ్ చేసేటప్పుడు ఒక రాత్రి రిలీజ్ తేడా కొడుతోందని నాకు తెలుసు. టీమ్‌లో జూనియర్ ఒకడు టెన్షన్ పడతాడని, నువ్వింటికెళ్లరా, అంతా ఓకే అన్నా. మర్నాడు మీటింగులో ప్రశ్నలన్నీ వాడికే, ఎందుకంటే మాడ్యూల్ వాడిది. ఏం జరిగిందో కూడా తెలియక నా మొహం చూశాడు. నేను కాపాడాననుకున్నా. వాడికి అట్టా అనిపించలేదు. చాలా రోజులు మాట్లాడలేదు కూడా.

పీటర్ కూడా అంతే. సూటు లేకుండా కాంక్రీటు కింద నుంచి లేచొచ్చే సీన్‌కి మనం విజిల్స్ వేస్తాం, వెయ్యాల్సిందే. కానీ డ్యాన్సు మధ్యలో వదిలేసి పోయిన లిజ్‌కి వాడేం చెప్పాడు? సారీ తప్ప ఏమీ లేదు. ఆ రాత్రి వాడు పట్టిచ్చింది వాళ్ల నాన్ననే. చివరికి ఆ అమ్మాయి ఊరే వదిలి వెళ్తుంది. సినిమా దాని మీద ఎక్కువసేపు ఆగదు, మార్వెల్ వాళ్లకి నెక్స్ట్ సినిమా తొందర.

మన కథ మాత్రం ఆగింది. శ్రీనాథుడు రాశాడని చెప్పే ద్విపద కావ్యంలోనే ఈ అనపోతు ఉన్నాడు. యుద్ధం గెలిపించిన వీరుడు కాదు, కత్తి దూసే ఛాన్సే రాలేదు. అయినా కథ వాడిని వదల్లేదు.

కారంపూడిలో నాగులేరు ఒడ్డున ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఈసారి కెమెరా పట్టుకుని ఐదు రోజులూ అక్కడే ఉంటా. కథ చెప్పేవాళ్లు అనపోతు దగ్గర ఎంతసేపు ఆగుతారో రికార్డ్ చేసి చూపిస్తా. నరసరావుపేట నుంచి వచ్చేవాళ్లుంటే చెప్పండి, బండి మీద ఒక సీటు ఖాళీ.