ఛాయాగ్రహణాభ్యాసం – పుస్తకాల ఎంపిక

ఈమధ్య శ్రోతల నుంచి వస్తున్న జాబులలో ఒక ప్రశ్న తరచుగా కనిపిస్తున్నది. డిజిటల్ కెమెరా కొన్నాము, అభ్యాసానికి ఏ పుస్తకం చదవవలె అన్నదే ఆ ప్రశ్న. ఇట్లా వ్రాసేవారిలో కూకట్‌పల్లి, హౌసింగుబోర్డు కాలనీ, మియాపూరు ప్రాంతాల యువకులు ఎక్కువ. వారమంతా హైటెక్ సిటీలో కంప్యూటరు ముందు కూర్చుని, ఆదివారంనాడు కెమెరా భుజాన వేసుకొని బయలుదేరేవారు వీరు. వారిలో ఒకరి చెల్లెలి వివాహం మాఘమాసంలో జరుగుతున్నదట. చిత్రాలు తానే తీస్తానని ఇంటివారికి మాట ఇచ్చినాడట. వేరొకరిని పిలిచే ఆలోచన లేదు. అంగడిలో చూడబోతే ఇరవై పుస్తకాలున్నవి, అన్నీ తమను మించినవి లేవంటున్నవి. జీలకర్రా బెల్లమూ పెట్టే క్షణం రెండవసారి రాదు గదా. కనుక ఈ ప్రశ్నను తేలికగా తీసుకోవడానికి వీలులేదు.

మొదట ఒక విభాగం చేసుకొందాము. ఛాయాగ్రహణ గ్రంథాలలో త్వరగా పాతబడే భాగమొకటి, పాతబడని భాగమొకటి ఉంటవి. ఫలానా కంపెనీ వారి ఫలానా నమూనా కెమెరాను గురించి, దాని మీటలను గురించి వ్రాసిన పుస్తకం ఆ నమూనాతోనే కాలం చేస్తుంది. పైగా ఆ విషయమంతా కంపెనీవారు ఉచితంగా ఇచ్చే వివరణ పుస్తకంలో ఉండనే ఉంటుంది. చిత్రాలను కంప్యూటరుపై సవరించే సాఫ్ట్‌వేరును గురించిన గ్రంథాల గతీ అంతే. ఇట్టి వాటిపై డబ్బు వెచ్చించవద్దని నా సలహా. కాంతి ఎట్లా ప్రవర్తిస్తుంది, కటకం ఏం చేస్తుంది, చట్రంలో దేనిని ఉంచి దేనిని విడువవలె అన్న భాగం మాత్రం తరాలు దాటి నిలుస్తుంది.

దీనికి నిదర్శనం మన ఊళ్లోనే ఉన్నది. 1844లో జన్మించిన లాలా దీనదయాళ్ రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వ నిర్మాణశాఖలో ఉద్యోగం చేస్తూ, వినోదంగా కెమెరా పట్టినవాడు. తరువాత సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుకు ఆస్థాన ఛాయాగ్రాహకుడైనాడు. ఆయన వాడినది గాజుపలక. నేటి సైబరాబాదు ఇంజనీరు వాడేది సిలికాను రేకు. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ నిర్మించిన తొలి డిజిటల్ కెమెరా మూడున్నర కిలోలకు పైగా బరువుండేది. పదివేల బిందువులు మాత్రమే గల ఒక నలుపు తెలుపు చిత్రాన్ని క్యాసెట్టుపై ఎక్కించడానికి దానికి 23 సెకండ్లు పట్టేది. ఈనాడు చేతి ఫోనులో కోట్ల బిందువులున్నవి. యంత్రం ఇంతగా మారినా, కిటికీలోనుంచి వచ్చి ముఖంపై పడే వెలుతురు దీనదయాళునాటిదే.

అయితే పాత పుస్తకమైతే చాలునా? ఇక్కడ ఒక మెలిక ఉన్నది. కోఠిలోనూ, ఆదివారాలలో ఆబిడ్సు కాలిబాటలపైనా ఫిలిం కాలపు మంచి గ్రంథాలు చవకగా దొరుకుతవి. ఆన్సెల్ ఆడమ్స్ అనే అమెరికను మహనీయుని మూడు సంపుటాలు, 1980లో కెమెరాపై, 1981లో నెగెటివుపై, 1983లో ప్రింటుపై వెలువడినవి, అట్టివే. అవి దొరికితే విడువవద్దు. కాని నెగెటివును గురించి ఆనాటివారు చెప్పిన ముఖ్య సూత్రం, నీడలు సరిగా నమోదయ్యేటట్లు కాంతినివ్వవలె, వెలుగుల సంగతి తరువాత కడిగేటప్పుడు చూచుకోవచ్చు నన్నది. డిజిటల్ కెమెరాలో వ్యవహారం దాదాపు తలక్రిందులు. నీడలను తరువాత కొంత పైకి లాగవచ్చును. మితిమీరిన వెలుగు పడి తెల్లగా కాలిపోయిన చోట మాత్రం సెన్సరు ఏ సమాచారాన్నీ మిగల్చదు. ఉన్నదానిని సవరించవచ్చును గాని లేనిదానిని తేలేము. ఈ భేదం తెలియక పాత గ్రంథాన్ని అక్షరాలా అనుసరించేవాడు పెండ్లికుమార్తె చీర జరీనంతా తెల్లని మచ్చగా చేసి తెస్తాడు. కాబట్టి మీరు కొనే పుస్తకాలలో ఒకటైనా ఈ విషయాన్ని, హిస్టోగ్రాం అనే కాంతిపట్టికను, రా అనే ముడి దస్త్రాన్ని స్పష్టంగా బోధించేదై ఉండవలె.

ఇక అంగడిలో నిలబడి పది నిమిషాలలో చేయగలిగిన పరీక్ష చెబుతాను. మధుపర్కాలు గుర్తు తెచ్చుకొండి. తెల్లని బట్ట, సన్నని అంచు. వధూవరులిద్దరూ వాటినే ధరించి కూర్చున్నారు. చట్రమంతా తెలుపే. కెమెరాలోని కాంతిమాపకానికి అది బట్ట అని తెలియదు. తాను చూచేది సగటున మధ్యస్థమైన బూడిదరంగే అనుకొనే స్వభావం దానిది. అందుచేత కాంతిని తగ్గించివేస్తుంది. తెల్లని మధుపర్కం మాసిన పంచెవలె వస్తుంది, ముఖాలు నల్లబడుతవి. మనిషి పూనుకొని ఒక స్టాపు, ఒక్కొక్కప్పుడు ఒకటిన్నర స్టాపు కాంతి పెంచవలె. అంతకు మించితే ఇందాక చెప్పిన ప్రమాదం ఉన్నది. ఇప్పుడు చేతిలోని పుస్తకంలో ఎక్స్‌పోజర్ ప్రకరణం తెరవండి. పాశ్చాత్య గ్రంథమైతే మధుపర్కం ఉండదు, మంచు ఉంటుంది. మంచు ఎందుకు బూడిదరంగుగా పడుతుందో కారణంతో సహా వివరించినట్లయితే అది పనికివచ్చే పుస్తకం. ఫలానా అంకె పెట్టుము అని మాత్రమే చెప్పి ఊరుకున్నదా, దానిని తిరిగి బల్లపై ఉంచండి.

ఈ పరీక్షలో బాగా నెగ్గేది బ్రయన్ పీటర్సన్ వ్రాసిన అండర్‌స్టాండింగ్ ఎక్స్‌పోజర్. 1990లో ఫిలిం కాలంలో వెలువడి, డిజిటల్ యుగానికి తగినట్లు సవరణలు పొంది, 2016లో నాల్గవ కూర్పుగా వచ్చినది. ప్రతి చిత్రం క్రిందా వాడిన కటకం, అపర్చరు, షట్టరు వేగం వ్రాసి ఉంటవి. ఆంగ్లంలో అంత ప్రవేశం లేనివారు కూడ బొమ్మనూ అంకెలనూ ప్రక్కప్రక్కన చూచి సగం గ్రహించగలరు. తెలుగులో సమగ్రమైన గ్రంథం సులభంగా చేతికందని స్థితిలో ఇది చిన్న ఉపకారం కాదు. స్కాట్ కెల్బీ 2006లో ప్రారంభించిన డిజిటల్ ఫోటోగ్రఫీ బుక్ వరుస దీనికి భిన్నమైనది. సిద్ధాంతం జోలికి పోకుండా, ప్రక్కన నిలబడిన స్నేహితునివలె ఇది పెట్టు, అది తిప్పు అంటుంది. పెండ్లి పదిరోజులలో ఉన్నవారికి అది ఊరట. రెండు నెలల వ్యవధి ఉన్నవారికి పీటర్సనే మేలు.

ఏ గ్రంథమైనా వ్రాసినవాని దేశాన్ని వెంటబెట్టుకొని వస్తుంది. దీనిని గమనించకపోవడం వల్లనే మనవారు అనేకులు పుస్తకం చదివికూడ విఫలులవుతున్నారు. చర్మవర్ణాన్నే తీసుకొండి. ఆడమ్స్ తన మండల పద్ధతిలో తెల్లజాతివారి చర్మాన్ని మధ్యస్థానానికి ఒక మెట్టు పైన ఉంచినాడు. మన ముఖాలను అదే మెట్టుపై పెడితే వెలవెలబోతవి. కొడాక్ వారు రంగుల ముద్రణను సరిచూడడానికి పంపిన నమూనా చిత్రాలలో చాలాకాలం తెల్లజాతి స్త్రీయే ఉండేది. చామనచాయకు న్యాయం జరగలేదన్న విమర్శ తరువాత వచ్చినది.

విద్యుత్తు సంగతి మరింత చిత్రం. అమెరికాలో దీపాలకు వచ్చే విద్యుత్తు సెకండుకు 60 ఆవృత్తులు గలది, మనది 50. ఫంక్షను హాళ్లలోని ఎల్‌.ఇ.డి. దీపాల క్రింద చిత్రంపై అడ్డచారలు పడకుండా అమెరికను రచయిత సెకండులో 60వ వంతో 120వ వంతో షట్టరు పెట్టమంటాడు. మనకు 50వ వంతు, లేదా 100వ వంతు సరిపడుతుంది.

సూర్యుడు సైతం వేరే. సాయంకాలపు బంగారువన్నె వెలుతురును గురించి ఈ గ్రంథాలన్నీ పరవశిస్తవి. సూర్యుడు ఆరు డిగ్రీల ఎత్తు నుంచి దిగి అస్తమించడానికి జూన్ నెలలో లండనులో సుమారు 50 నిమిషాలు పడుతుంది. మనకు దాదాపు అరగంటే. రంగధాముని చెరువు గట్టుపై పెళ్లివారిని నిలబెట్టి కటకం మార్చుకొనేలోపల ఆ వెలుగు పోతుంది. మే రెండవ వారంలోనూ, ఆగస్టు మొదటివారంలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి వచ్చి నీడనే కాళ్లక్రింద దాచివేస్తాడు. ఆ వేళ కనుగుంటలలో పడే నీడకు విదేశీ గ్రంథాలలో చికిత్స వెదకడం కంటె చెట్టు క్రిందికో వసారాలోకో నడవడం మంచిది.

కొనే ముందు చూడడానికి ఖర్చులేని మార్గమున్నది. 1891లో ఆసఫియా పేరుతో ఏర్పడిన నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అఫ్జల్‌గంజులో ఉన్నది. కూకట్‌పల్లిలో మెట్రో రైలెక్కితే బండి మారకుండానే మహాత్మాగాంధీ బస్సుస్టేషను వద్ద దిగి నడిచి పోవచ్చును. శాస్త్రీయంగా, పాఠ్యక్రమంగా నేర్వదలచినవారు అక్కడా, ఇతర గ్రంథాలయాలలోనూ మైకేల్ లాంగ్‌ఫర్డ్ బేసిక్ ఫోటోగ్రఫీ కోసం విచారించవలె. 1965లో మొదటిసారి అచ్చయిన ఈ గ్రంథాన్ని రచయిత అనంతరం ఇతరులు డిజిటల్ విషయాలు చేర్చి కొనసాగించినారు. కొంచెం గడ్డుగా ఉంటుంది, ఒప్పుకోవలసినదే. అపర్చరు అంకెలు రెండు, రెండు పాయింటు ఎనిమిది, నాలుగు అని ఎందుకు నడుస్తవో తెలియనివారు ఇందులో తెలుసుకోవచ్చు. రంధ్రవైశాల్యం ప్రతి మెట్టుకూ సగమవుతున్నదన్న గణితం ఇంజనీర్లకు ఒక్క పుటతో తలకెక్కుతుంది.

చదివే పద్ధతి కూడ ఇప్పుడు సులభమైనది. పూర్వపు విద్యార్థి ప్రతి చిత్రానికీ అపర్చరు, వేగం చిన్న పుస్తకంలో వ్రాసుకొనేవాడు. కడిగి చూచే వేళకు వారం గడిచేది. డిజిటల్ కెమెరా ఆ లెక్కను చిత్రంతోబాటు తానే భద్రపరుస్తుంది. ఒక ప్రకరణం చదివి, ఆ సాయంత్రమే రైతుబజారులో కూరగాయల గుట్టలపై దానిని ప్రయోగించి, రాత్రి లెక్క చూచుకోవచ్చును. పెళ్లి తీయబోయేవారు ముందుగా ఇంట్లో ఒకరికి తెల్లచీర కట్టబెట్టి, దీపాల వెలుగులో ముప్పై చిత్రాలు తీసి చూచుకొండి.

రెండవ పుస్తకంగా చట్రనిర్మాణాన్ని గురించినది ఒకటి ఉండవలె. ఇందులో పేరుతో ఒక చిక్కున్నది. ది ఫోటోగ్రాఫర్స్ ఐ అని రెండు గ్రంథాలున్నవి. 1966లో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాల వెలువరించిన జాన్ షార్కోవ్‌స్కీ గ్రంథం ప్రసిద్ధ చిత్రాల సంకలనం; చూచి ఆనందించవలసినది, పాఠాలుండవు. 2007లో మైకేల్ ఫ్రీమన్ వ్రాసినది అభ్యాసకునికి ఉద్దేశించినది. గీతలు, సమతూకం, చూపు నడక మొదలైనవి ఉదాహరణలతో చెబుతుంది. దుకాణంలో పుస్తకం పేరుతోబాటు రచయిత పేరు కూడ చెప్పి అడగవలె.