ఒక్క ‘ట్’తో ఆజ్ఞ సలహా అవుతుంది

చింతలపూడి చుట్టుపక్కల ఊళ్ల నుంచి నా దగ్గర జర్మన్ నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది నర్సింగ్ చదివిన అమ్మాయిలే. మామిడి, పామాయిల్ తోటల మీద బతికే ఇళ్ల పిల్లలు. జర్మనీలో ఆసుపత్రులకు, వృద్ధాశ్రమాలకు నర్సులు చాలడం లేదు. భారతీయ నిపుణులకిచ్చే వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని ఆ దేశం 2024 అక్టోబరులో ప్రకటించింది. పక్కనున్న తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులను జర్మనీకి పంపే పనిలో ఉంది. అక్కడ నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 స్థాయి జర్మన్ కావాలి.

జబ్బుల పేర్లు, మందుల పేర్లు ఈ పిల్లలు ఇట్టే పట్టేస్తారు. నేను పదేపదే పలికించేది సలహా చెప్పే వాక్యాలు. మంచం మీదున్న పెద్దాయనతో మనం ‘తాతగారూ, కాసిని నీళ్లు తాగండి’ అంటాం. ఆ పిలుపులోనూ, ఆ ‘అండి’లోనూ కావలసినంత మన్నన ఉంది. అదే మాటను జర్మన్‌లో ‘ట్రింకెన్ జీ’ అంటే, ‘జీ’కి మీరు అనే అర్థమే అయినా, చెవికి ఆజ్ఞలాగే తగులుతుంది. ‘బిటె’ అని ప్లీజ్ చేర్చినా ఆజ్ఞ ఆజ్ఞే. తాతగారూ అని వరస కలపడానికీ ఉండదు. ఇంటిపేరు ముందు హెర్ అనో, ఫ్రావు అనో పెట్టి పిలవాలి. కాబట్టి మెత్తదనమంతా క్రియలోనే చూపించాలి.

అందుకున్నదే ‘కొన్‌యుంక్టీఫ్ 2’. జరిగిన సంగతిని కాకుండా, జరిగితే బాగుండే సంగతిని చెప్పే క్రియారూపం ఇది. ముఖ్యమైన క్రియల్లో భూతకాల రూపం తీసుకుని అచ్చు మీద రెండు చుక్కలు పెడితే వచ్చేస్తుంది. చేయగలిగాను అనే ‘కొన్టె’, చేయవచ్చునేమో అనే ‘క్యొన్టె’ అవుతుంది. ఆ శబ్దం కుదరాలంటే పెదవులు ‘ఒ’కి గుండ్రంగా పెట్టి, నాలుకతో ‘ఎ’ పలకాలి.

చుక్కల అవసరం లేని రూపం ‘జోల్టెన్’. దీన్ని ‘జోలెన్’ నుంచి జాగ్రత్తగా విడదీయాలి. ‘జీ జోలెన్ మేర్ ట్రింకెన్’ అంటే ఇంకాస్త ఎక్కువ తాగమన్నారు అని, డాక్టరుగారి ఆదేశాన్ని చేరవేయడం. ‘జీ జోల్టెన్ మేర్ ట్రింకెన్’ అంటే ఇంకాస్త ఎక్కువ తాగితే మంచిదండీ అని నర్సు తన మాటగా చెప్పడం. తేడా అంతా మధ్యనున్న ఆ ‘ట్’లోనే.

మూడోది నాకు మరీ ఇష్టం. ‘ఆన్ ఈరెర్ ష్టెలె వ్యుర్డె ఇష్’ అని మొదలుపెట్టి, చేయాల్సిన పనిని వాక్యం చివర చెప్పాలి. ‘మీ స్థానంలో నేనుంటే ఓ నాలుగడుగులు నడిచేదాన్ని’ అన్నమాట. క్రియ చివరికి రావడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటే కాబట్టి పిల్లలకు ఇది తొందరగా ఒంటబడుతుంది.

సాధన ఇంటి మాటలతోనే చేయిస్తాను. మామిడి పూత విచ్చిన రోజుల్లో మందు కొడితే తేనెటీగలు చచ్చి, కాపు దెబ్బతింటుంది. అది తెలిసిన కూతురు ‘కొట్టొద్దు’ అనదు; ‘ఇప్పుడు కొట్టకపోతేనే మంచిదేమో నాన్నా’ అంటుంది. జర్మన్‌లో ‘డూ జోల్టెస్ట్ యెట్స్ట్ లీబర్ నిష్ట్ ష్ప్రిట్సెన్’. నాన్న ఇంటి మనిషి కనుక ‘డూ’, రోగి అయితే ‘జీ’. సలహా తీరు మాత్రం ఒకటే.

అయితే ఈ మెత్తదనం అన్నివేళలా పనికిరాదు. ఆపరేషనై గంట కాలేదు, పేషెంటు మంచం దిగబోతున్నాడు. అప్పుడు ‘మీ స్థానంలో నేనుంటే’ అంటూ కూర్చోకూడదు. ‘బ్లైబెన్ జీ లీగెన్!’ అనాలి, పడుకునే ఉండండి అని. ప్రాణం మీదికొచ్చే చోట ఆజ్ఞే మర్యాద.

మిగతా వేళల్లో తాగాలో వద్దో, నడవాలో వద్దో తేల్చుకునేది రోగే. పరాయి చేతుల మీద బతుకుతున్న ముసలివాళ్లకు మిగిలేది ఆ కాస్త ఇష్టాయిష్టాలే. అందుకే నా దగ్గర చదివే ప్రతి అమ్మాయికీ నోటికి రావలసిన వాక్యం ఇంకొకటుంది: ‘జీ క్యొన్టెన్ ఔఖ్ టే ట్రింకెన్’. నీళ్లు వద్దంటే టీ అయినా తాగొచ్చు అని. సలహా కాదన్న మనిషి ముందు మరో దారి పెట్టగలిగిన రోజున ఆ అమ్మాయికి కొన్‌యుంక్టీఫ్ వచ్చినట్టు లెక్క.