ఒక్క వీధిలో మూడు మతాలు!

సెంటోసా, మెర్లయన్, ముస్తఫా... సింగపూర్ వెళ్లొచ్చినవాళ్లలో ఎవర్ని కదిపినా ముందు చెప్పేది ఈ మూడు పేర్లే. నాలుగు రోజుల ప్యాకేజీలో అంతకు మించి తీరిక ఉండదు మరి. కానీ ఆ ఊళ్లో అసలు చూడాల్సింది టిక్కెట్టు కౌంటర్లు లేని చోట ఉంది. వెళ్లే తేదీ, బస చేసే పేట... ఈ రెండూ ఆలోచించి ఎంచుకుంటే అది దానంతటదే కళ్లబడుతుంది.

చైనాటౌన్‌లో సౌత్ బ్రిడ్జ్ రోడ్డు. ఎర్ర లాంతర్లూ చైనా అక్షరాల బోర్డులూ చూసుకుంటూ నడుస్తుంటే ఉన్నట్టుండి ఓ దక్షిణాది గోపురం ఎదురవుతుంది. 1827లో వెలసిన మారియమ్మ గుడి అది. సింగపూర్‌లోని హిందూ ఆలయాలన్నిట్లోకీ పాతది. నాలుగడుగులు అటు వేస్తే తమిళ ముస్లింలు కట్టుకున్న జామే మసీదు. ఇటు కొద్ది నిమిషాలు నడిస్తే, బుద్ధుడి దంతం ఉందని భక్తులు కొలిచే బౌద్ధాలయం. ఇది మాత్రం కొత్తది, 2007లో తెరిచారు. గుడి పక్క సందు పేరు పగోడా స్ట్రీట్. పేరు విని బౌద్ధుల పగోడా కోసం వెదికితే దొరకదు. ఆ 'పగోడా' మన అమ్మవారి గోపురమే!

ఇదంతా ఏదో యాదృచ్ఛికంగా కలిసిపోయిందనుకుంటే పొరపాటు. 1819లో వచ్చిన ఆంగ్లేయులు, 1822లో నగరానికి పటం గీసినప్పుడు ఏ జాతికి ఆ పేటను విడగొట్టారు. 1964లో చైనీయులకూ మలయ్‌లకూ మధ్య అల్లర్లు జరిగి ప్రాణాలు పోయాయి. జనంలో దాదాపు నాలుగింట మూడొంతులు చైనీయులే అయినా అధికార భాషలు నాలుగు... మలయ్, మాండరిన్, తమిళం, ఇంగ్లిష్. జాతీయగీతం మలయ్‌లో ఉంటుంది. ప్రభుత్వం కట్టిన అపార్ట్‌మెంట్లలో అన్ని జాతులవాళ్లూ కలిసి ఉండాల్సిందేనంటూ 1989లో ఒక్కో బ్లాకుకు కోటా పెట్టారు. ఈ కట్టడి మీద విమర్శలూ లేకపోలేదు. ఆ సంగతి తెలిసి చూస్తే వీధుల్లోని కలివిడితనం విలువ ఇంకాస్త అర్థమవుతుంది.

ఎప్పుడు వెళ్లాలి?

మనవాళ్లు ఎక్కువగా వేసవి సెలవుల్లో వెళ్తారు. పిల్లల బడులు చూసుకోవాలి కాబట్టి తప్పదు. వాతావరణం కోసమే అయితే మాత్రం ఆ లెక్క అక్కర్లేదు. భూమధ్యరేఖకు 137 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరది. ఏడాదంతా ఒకటే ఉక్క, ఎప్పుడైనా వాన. నవంబరు నుంచి జనవరి దాకా ఇంకాస్త ఎక్కువ. గొడుగు ఎలాగూ తప్పదు కాబట్టి తేదీని పండగ చూసి ఎంచుకోవడం మేలు.

దీపావళి ముందు వారాల్లో సెరంగూన్ రోడ్డంతా దీపతోరణాలే. పండగకు కొద్దిరోజుల ముందు ఆ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడి నుంచి బయల్దేరిన భక్తులు, చైనాటౌన్‌లోని మారియమ్మ గుడి దాకా నడిచి వెళ్లి నిప్పులు తొక్కుతారు. తైపూసం నాడు కావళ్లు మోసేవాళ్లు కదిలేదీ ఈ పెరుమాళ్ గుడి నుంచే. పెరుమాళ్ అంటే ఎవరో కాదు, మన వెంకన్నే! రంజాన్ నెలలో అయితే గేలాంగ్ సెరాయ్ రాత్రి బజారు చూసి తీరాలి. చైనా కొత్త సంవత్సరానికి వెళ్తే ఒక్క జాగ్రత్త. మొదటి రెండు రోజులూ చాలా చైనా దుకాణాలు, తిండి స్టాళ్లు మూసే ఉంటాయి. ఫార్ములా వన్ కారు పందేల వారం మాత్రం వద్దు. హోటల్ అద్దెలు ఆకాశంలో ఉంటాయి.

ఎక్కడ దిగాలి?

మరీనా బే ఫొటోలకు బాగుంటుంది. జేబుకు మాత్రం లిటిల్ ఇండియా, ఫారర్ పార్క్ పరిసరాలే నయం. పొద్దున్నే ఇడ్లీ దొరుకుతుంది, పెరుమాళ్ గుడి పక్కనే. అక్కణ్నుంచి ఊదా రంగు రైలు లైన్లో లిటిల్ ఇండియా నుంచి మూడో స్టేషనే చైనాటౌన్. నీలం లైన్లో రెండో స్టేషన్ బూగిస్. బూగిస్‌లో దిగి వాటర్లూ స్ట్రీట్‌కు వెళ్తే చైనీయుల క్వాన్ ఇమ్ ఆలయమూ, కృష్ణుడి గుడీ పక్కపక్కనే కనిపిస్తాయి. క్వాన్ ఇమ్‌కు మొక్కినవాళ్లు అదే చేత్తో కృష్ణుడి ముందూ అగరొత్తులు వెలిగించి వెళ్తారు. అటు కాంపాంగ్ గ్లామ్‌లో సుల్తాన్ మసీదు. బంగారు రంగు గుమ్మటం కింద నల్లటి పట్టీలా కనిపించేది రాయి కాదు, గాజు సీసాల అడుగులు. పేద ముస్లింలు కూడా తమ వంతు ఇచ్చామనుకోవాలని వాళ్ల దగ్గర సేకరించినవి అవి.

పిల్లలు యూనివర్సల్ స్టూడియోస్ అంటారు. సరే, దానికో రోజు ఇచ్చేయండి. బొటానిక్ గార్డెన్స్‌కూ, గార్డెన్స్ బై ద బేలో రాత్రి వెలిగే సూపర్‌ట్రీలకూ టిక్కెట్టు లేదు. పాత గైడు పుస్తకాల్లోని జురాంగ్ బర్డ్ పార్క్ 2023లో మూతపడింది. ఆ పక్షులిప్పుడు మండాయ్‌లోని బర్డ్ ప్యారడైజ్‌లో ఉన్నాయి.

ఇక తిండి. హాకర్ సెంటర్లంటే ఒకే కప్పు కింద పదుల కొద్దీ చిన్న స్టాళ్లు. 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. టెక్కా సెంటర్‌లో మలయ్, చైనా, దక్షిణాది వంటలు ఒకే టేబుల్ మీదికి తెచ్చుకోవచ్చు. ఖాళీ కుర్చీ ముందు టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే కూర్చోకండి. ఆ సీటు ఎవరో ఆపుకొన్నారని అర్థం! శాకాహారులు అడిగి తినాలి. ఆకుకూర వేపుడులోనూ రొయ్యల ముద్ద కలుపుతుంటారు. బౌద్ధుల శాకాహార స్టాళ్లలో ఆ బెంగ లేదు, చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. తిన్నాక ట్రే తీసుకెళ్లి స్టాండులో పెట్టాల్సింది మీరే. మరిచిపోతే మొదటిసారి హెచ్చరికతో వదిలేస్తారు, ఆ తర్వాత జరిమానా.

వీసాకు గుర్తింపు ఉన్న ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. విమానం దిగే ముందు మూడు రోజుల్లోగా నింపాల్సిన అరైవల్ కార్డు పూర్తిగా ఉచితం. దానికి డబ్బడిగే వెబ్‌సైట్ కనిపిస్తే వెంటనే మూసేయండి. చూయింగ్ గమ్, ఈ-సిగరెట్లు పెట్టెలో ఉంటే ఇంట్లోనే తీసి పక్కన పెట్టండి.