వందేళ్లు చేతికి చిక్కని బోరాన్

కంసాలి నగకు అతుకు పెట్టేటప్పుడు చిటికెడు తెల్లని పొడి అద్దుతాడు, ఎప్పుడైనా గమనించారా? అది వెలిగారం. దానిమీద సల్ఫ్యూరిక్ ఆమ్లం పనిచేస్తే బోరిక్ ఆమ్లం వస్తుంది. క్యారమ్స్ బోర్డు మీద కాయిన్లు జారడానికి మీరు చల్లే పొడి సాధారణంగా ఇదే (నోటికి మాత్రం తగలనీయకండి). ఈ రెండింటిలోనూ ఉన్న మూలకం బోరాన్. ఇంత తేలికగా దొరికే వస్తువుల్లోంచి ఆ మూలకాన్ని శుద్ధంగా వేరుచేయడానికి నూరేళ్లు పట్టిందంటే నమ్ముతారా?

1808లో పారిస్‌లో గే-లుస్సాక్, థెనార్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు బోరిక్ ఆమ్లాన్ని పొటాషియంతో కలిపి వేడిచేశారు. పొటాషియంకు ఆక్సిజన్ అంటే మహా ఆశ గదా! దాన్ని లాక్కుని గోధుమరంగు పొడిని మిగిల్చింది. ఆ సంవత్సరమే లండన్‌లో హంఫ్రీ డేవీ కూడా అలాంటి పొడినే సంపాదించాడు. కొత్త మూలకం దొరికింది, పేరూ పెట్టారు.

మరి ఆ పొడి అంతా బోరానేనా? 1892లో ఫ్రాన్స్‌కే చెందిన హెన్రీ మొయిసాన్ దాన్ని పరిశీలించి, అందులో మలినాలు దండిగా ఉన్నాయని తేల్చాడు. మెగ్నీషియంతో అతడు చేసిన పొడి అంతకంటే మెరుగే గాని, అదీ పూర్తిగా శుద్ధమైనది కాదు.

అంతకు ముందే, 1850లలో, ఇంకో తమాషా జరిగింది. వోలర్, డెవీల్ అనే వారు బోరాన్ ఆక్సైడును అల్యూమినియంతో కలిపి తీవ్రంగా కాల్చి, మెరిసే స్ఫటికాలు సంపాదించారు. కాఠిన్యంలో వజ్రానికి దగ్గరగా ఉన్న వాటిని బోరానే అనుకున్నారు. తీరా చూస్తే వాటిలో అల్యూమినియం కూడా ఉంది! అవి మూలకం కానే కావు, సమ్మేళనాలు.

ఆ మహానుభావుల శ్రద్ధలో లోపమేమీ లేదు. బోరాన్ 2000 డిగ్రీల సెంటిగ్రేడు దాటితేగాని కరగదు. అంత వేడిలో అది తననుంచిన మూసను కూడా వదలదు. ఆక్సిజన్‌ను లాగేయడానికి ఏ లోహాన్ని పంపినా దానితోనే జతకట్టి బోరైడు అవుతుంది. ఆమ్లంతో కడిగినా అది ఒక పట్టాన పోదు. మసిగుడ్డతో అద్దం తుడిచినట్లే.

1909లో అమెరికాలో వైన్‌ట్రాబ్ అసలు లోహాల జోలికే పోలేదు. బోరాన్ ట్రైక్లోరైడు ఆవిరిని హైడ్రోజన్‌తో కలిపి విద్యుత్ చాపం గుండా పంపాడు. హైడ్రోజన్ క్లోరిన్‌ను పట్టుకుని వాయువుగా వెళ్లిపోయింది. వెనక మిగిలింది బోరాన్, సుమారు 99 శాతం శుద్ధమైనది. చల్లగా ఉన్నప్పుడు విద్యుత్తును దాదాపు సాగనివ్వక, వేడెక్కేకొద్దీ అనేక రెట్లు ఎక్కువగా పోనిచ్చే దాని అసలు గుణం అప్పుడు స్పష్టంగా బయటపడింది.

బోరాన్‌లో ఇతర మూలకాలు చేరితే వచ్చే చిక్కు ఇది. బోరానే వేరేదానిలో చేరితే? అణు రియాక్టరులో న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి గ్రాఫైట్ వాడవచ్చు. ఆ న్యూట్రాన్లను బోరాన్ మింగేస్తుంది. కిలో గ్రాఫైట్‌లో ఒక్క మిల్లీగ్రాము బోరాన్, అంటే ఆవగింజంత బరువైనా లేనిది, ఉంటే చాలు, గ్రాఫైట్ తానుగా మింగే న్యూట్రాన్లకు దాదాపు నాలుగో వంతు అదనంగా మాయమవుతాయి. మార్కెట్లో దొరికే గ్రాఫైట్‌లో ఈ దొంగ ఉండవచ్చునని పసిగట్టిన లియో జిలార్డ్, బోరాన్ లేని గ్రాఫైట్ కావాలని తయారీదారుల వెంటపడ్డాడు. అలా శుద్ధిచేసిన గ్రాఫైట్ ఇటుకలు దొరికాకే, 1942 డిసెంబరు 2న షికాగోలో, మనిషి కట్టిన మొదటి రియాక్టరు పనిచేసింది.