గర్భసంచి తీయించుకొనుటకు ముందు

మన తెలుగునాట బదిమంది స్త్రీలు గూడినచోట గర్భసంచి తీయించుకొన్నవా రొకరైన నుండుట సామాన్యమైపోయినది. "పిల్లలు పుట్టిరి, కుటుంబనియంత్రణ ఆపరేషను జరిగినది, ఇంక దానితో బనియేమి?" యను మాట పెద్దలనోటను, ఇరుగుపొరుగువారి నోటను, ఒక్కొక్కప్పుడు వైద్యులనోటను గూడ వినబడుచున్నది. 2015–16 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నీ శస్త్రచికిత్స చేయించుకొన్నవారు దేశమంతటను నూటికి 3.2 కాగా, ఆంధ్రప్రదేశమున 8.9, తెలంగాణమున 7.7 అని తేలినది. రాష్ట్రములన్నిటిలో నీ రెండే ముందు నిలిచినవి. ఈ యగ్రస్థానము మనకు గర్వకారణము గాదు.

వంటయింట నే డబ్బాలో నేమున్నదో చీకటిలోనైన జెప్పగల యిల్లాలు తన పొత్తికడుపులో నేది యెక్కడ నున్నదో యెఱుగదు. చెప్పువారును లేరు. గర్భాశయము మూత్రాశయమునకు వెనుకను, పెద్దప్రేగు కడభాగమునకు ముందును, తలక్రిందులుగా నుంచిన జామకాయవలె నుండును. పొడవు ఇంచుమించు 7, 8 సెంటీమీటర్లు. గోడలు దళసరి కండరముతో నైనవి. లోపల మెత్తని పొర గలదు. ఆ పొరయే నెలనెలకు బెరిగి, గర్భము నిలువనప్పుడు రాలి, ముట్టుగా వెలువడును. క్రింది సన్నని భాగమును గర్భాశయముఖ మందురు. పైని ఇరుప్రక్కల రెండు నాళములును, వాని చెంత బాదంకాయంతలేసి అండాశయములు రెండును గలవు.

కుటుంబనియంత్రణ ఆపరేషనులో మూసివేయబడునది యా నాళములు మాత్రమే. అండాశయములు తమ పని మానవు. అవి స్రవించు రసములే ముట్లుడుగు వఱకు నెముకలకు బలమునిచ్చి, గుండెకును గొంత రక్షణ గలిగించుచుండును. గర్భసంచితోబాటు అండాశయములను గూడ దీసివేసినచో, ముప్పదియైదేండ్ల యువతికైనను ముట్లుడిగిన దశ యొక్కసారిగా వచ్చిపడును: ఒడలినిండ వేడి యావిరులు, నిద్రలేమి, రానురాను ఎముకలు గుల్లబాఱుట. వానిని మిగిల్చినను, వానికి రక్తము గొంత గర్భాశయపు ధమనినుండియే యందుచుండును గావున, కొందఱికి ముందుగనే వాని శక్తి యుడుగును. పని తీఱిన సంచి యని యెవరైన నన్నప్పుడు మన మీ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

స్త్రీలను మిక్కిలి భయపెట్టునది తెల్లబట్ట. రెండు ముట్ల నడిమిదినములలో గ్రుడ్డు తెల్లసొనవలె సాగు ద్రవము వెలువడుట రోగము గాదు. గర్భిణులకును స్రావ మధికముగ నుండును. దురద, మంట, విఱిగిన పెరుగువంటి తునకలు, చేపవాసన, పసుపు లేక యాకుపచ్చని రంగు ఉన్నయెడల సూక్ష్మజీవులు చేరినవని యనుమానింపవలెను. వీనికి మాత్రలు గలవు. కొన్నింటికి భర్తయు మందు పుచ్చుకొనవలెను, లేనిచో మరల నంటుకొనును. ఈ మాట భర్తతో జెప్పుటకు సిగ్గుపడి యేండ్లు గడుపుటకంటె వైద్యురాలిచేతనే చెప్పించుట మేలు. "ఇది ముదిరి రాచపుండగును, సంచి తీయింపు"డని బెదరించువారు గలరు. తెల్లబట్ట ముదిరి రాచపుండుగా మాఱదు. గర్భాశయముఖమున బుట్టు రాచపుండునకు దాదాపుగా నెల్లప్పుడును హెచ్.పి.వి. యను వైరసే మూలము. అది యేండ్ల తరబడి మెల్లగా బెరుగును గావున ముందే కనిపెట్ట వీలున్నది. 30 ఏండ్లు దాటినవారికి, పలుచని వెనిగరు వంటి ద్రావకమును ముఖమున బూసి చూచు పరీక్ష కొలది నిమిషములలో ముగియును. 9 మొదలు 14 ఏండ్ల బాలికలకు టీకా గలదు. అయితే నెత్తుటిజీరలతో దుర్గంధముగల స్రావము, సంయోగానంతరము రక్తము కనబడుట, ముట్లుడిగి యేడాది దాటిన పిమ్మట నొక్కచుక్క యెఱ్ఱనైనను గనబడుట — వీనిని మాత్రము ఒక్క వారమైనను దాచిపెట్టరాదు.

ఇక నధికరక్తస్రావము. ముట్టు 21 నుండి 35 దినముల కొకసారి వచ్చి, వారములోపల నిలిచిపోవుట సామాన్యము. గంటగంటకు బట్ట మార్చవలసివచ్చినను, పెద్దగడ్డలు పడినను, నాలుగుమెట్లెక్కగనే యాయాసము వచ్చినను చికిత్స యవసరము. కాని చికిత్స యనగా కత్తియే కాదు. థైరాయిడు లోపమో, పొరపై మొలచిన పిలకయో, కంతియో, గర్భము రాకుండ వేయించుకొన్న రాగి సాధనమో, ముట్లుడుగు కాలము సమీపించుటయో కారణము కావచ్చును. రక్తపరీక్షలో హిమోగ్లోబిను 12కు దగ్గినచో నినుము పుచ్చుకొనవలెను. స్రావమును దగ్గించు మాత్రలు గలవు. హార్మోను విడుచు చిన్నసాధనమును గర్భాశయములో నుంచినచో నైదేండ్లు, అంతకంటె నెక్కువయు బనిచేయును. 45 ఏండ్లు దాటినవారికి బొరనుండి నలుసంత తీసి పరీక్షించుట ముఖ్యము. స్కానింగులో గంతి కనబడినదన్న మాట చెవిని బడగనే యింటిల్లిపాదియు సొమ్ము కూర్చుటకు బూనుకొందురు. బాధ పెట్టని కంతిని సాధారణముగ దీయబనిలేదు. ముట్లుడిగిన పిమ్మట బెక్కు కంతులు దామే కుంచించుకొనిపోవును.

శస్త్రచికిత్స యెన్నడును వలదని మేము చెప్పుట లేదు. రాచపుండు, మందులకు లొంగని రక్తస్రావము, మిక్కిలి పెరిగిన కంతులు, క్రిందికి జారిన గర్భసంచి, ప్రసవానంతరము నిలువని నెత్తురు — ఇట్టియెడల నది ప్రాణము నిలుపును. పేదస్త్రీలకు గారణము లేకుండ నీ ఆపరేషనులు చేయుచున్నారని 2013లో సుప్రీముకోర్టునందు వ్యాజ్యము దాఖలైనది. కేంద్రప్రభుత్వము 2022లో మార్గదర్శకములను వెలువరించినది. వానిని మూడునెలలలో నమలు జరుపవలెనని 2023 ఏప్రిలులో న్యాయస్థానము రాష్ట్రముల నాదేశించినది.

కాగితముపై సంతకము చేయుటకు ముందు వైద్యుని గొన్ని ప్రశ్నలడుగుట మన హక్కు. నా జబ్బు పేరేమి? మందుతో గుదురదా? ఆఱు నెలలాగిన నేమగును? అండాశయములు మిగులునా? ప్రాణాపాయము లేనిచో వేఱొక యాసుపత్రిలో, వీలైన ప్రభుత్వాసుపత్రిలో, మఱొక వైద్యురాలికి జూపింపవలెను. అడిగినందుకు గోపించు వైద్యుని యొద్దనుండి లేచివచ్చినను దప్పులేదు.

ఇదివఱకే తీయించుకొన్నవారు ఆసుపత్రి వారిచ్చిన కాగితమును, తీసిన భాగమును పరీక్షించిన నివేదికను భద్రపఱచుకొనవలెను. అండాశయములు తీసిరో లేదో, గర్భాశయముఖము మిగిల్చిరో లేదో యందు వ్రాసియుండును. ముఖము మిగిలియున్నవారికి వెనుక జెప్పిన పరీక్ష యింకను నవసరమే. 45 ఏండ్లకు లోపలనే అండాశయములు పోయినవారు, హార్మోను మందు తమకు దగునా యనియు, ఎముకలకు గాల్సియము, విటమిను డి చాలుచున్నవా యనియు వైద్యురాలి నడిగి తెలిసికొనవలెను.