ఇంటికే వచ్చిన ‘కక్కూస్’

తమిళంలో కక్కూస్ అంటే మరుగుదొడ్డి. మన ‘కక్కసు’ కూడా ఆ మాటే. దివ్యభారతి 2017లో ఆ పేరుతో పారిశుధ్య కార్మికులపై డాక్యుమెంటరీ తీశారు. 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టం నిషేధించిన పాకీ పని తమిళనాడులో ఇంకా ఎలా సాగుతున్నదో, ఏ కులాల చేతులతో సాగుతున్నదో చూపారు. ప్రదర్శనలకు పోలీసులు అడ్డుపడ్డారు. ఆమె చిత్రాన్ని యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టారు.

థియేటర్ దొరకని సినిమాకే ఇంటి విడుదల అన్న చిన్నచూపు మన సినీలోకంలో ఉంది. ఈ చిత్రానికి ఆ కొలత వర్తించదు. సెప్టిక్ ట్యాంకు ఉన్నది ఇంటి వెనుకే. అందులోకి మనిషిని దించమని పిలుపు వెళ్లేదీ ఇంటి నుంచే. నేరం మొదలయ్యే చోటికే సాక్ష్యం వచ్చింది. మురుగుకాలువల్లో మరణించినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో ముప్ఫై లక్షలన్నది. పరిహారం పెరిగింది గాని ఆ పిలుపు ఆగలేదు.

అయితే ఇంట్లో ప్రేక్షకుడు ఒంటరి. చూడలేని దృశ్యం రాగానే వేలు కదిపి తప్పుకోగలడు. పదిమందిలో కూర్చున్నవాడికి లేచిపోవడం అంత సులువు కాదు. రమాబాయి నగర్ కాల్పుల నేపథ్యంలో తీసిన ‘జై భీమ్ కామ్రేడ్’ను ఆనంద్ పట్వర్ధన్ ముంబయి దళిత బస్తీల్లోనే తెరకట్టి చూపారు. అక్కడ సినిమా ముగిశాక చర్చ మొదలవుతుంది. మన విద్యార్థులు ‘కక్కూస్’ను ఎవరి ఫోనులో వారు చూసి ఊరుకోకుండా, హాస్టల్ గోడకు తెల్లదుప్పటి కట్టి, ఆ హాస్టల్ దొడ్లు కడిగేవారిని ముందు వరుసకు పిలిచి చూడాలి. తర్వాత మొదటి మాట వారిని అడగాలి.